ఆడీ టీటీనా, బీఎమ్‌డబ్ల్యూ జెడ్4నా? హైదరాబాద్‌లో రోజూ నడపడానికి పాత స్పోర్ట్స్ కారు ఎంచుకోవడం ఎలా

పాత స్పోర్ట్స్ కారు కొందామనుకుని, రెండింటి దగ్గర ఆగిపోయి, ఏది తీసుకోవాలో తేలక రాత్రిళ్లు ఫోన్‌లో అవే ఫొటోలు మళ్లీ మళ్లీ చూసుకోవడం ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నాలుగేళ్ల క్రితం నాదీ అదే పరిస్థితి. ఒకవైపు ఆడీ టీటీ, ఇంకోవైపు బీఎమ్‌డబ్ల్యూ జెడ్4. మూడు నెలలు తిరిగి తొమ్మిది బండ్లు చూశాను. చివరికి టీటీ తీసుకున్నాను. అప్పటినుంచి అత్తాపూర్‌లోని ఇంటి నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఆఫీసుకు దాదాపు రోజూ దాంట్లోనే వెళ్లొస్తున్నాను.

వారానికోసారి తెల్లవారుజామున బయటికి తీసే కారును ఎంచుకోవడం వేరు, సోమవారం ఉదయం తొమ్మిదింటికి టోలిచౌకి జామ్‌లో కూర్చునే కారును ఎంచుకోవడం వేరు. రెండో రకానికి హార్స్‌పవర్ లెక్కలు చివర్లో చూసుకోవచ్చు. ముందు చూడాల్సినవి రెండు: మీరు రోజూ వెళ్లే దారి, మీ ముందున్న ఆ ఒక్క బండిని పాత ఓనర్ చూసుకున్న తీరు. కింద చెప్పిన వరసలో వెళ్తే ఈ రెండూ తేలతాయి. మీ మనసులో వేరే జంట ఉన్నా వరస మాత్రం ఇదే.

ముందు ఈ రెండు కార్ల సంగతి

నేను చెప్తున్న టీటీ మూడో తరానిది. మన దేశంలోకి 2015లో వచ్చింది. రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 230 హార్స్‌పవర్, ఆరు గేర్ల డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో తానే గేర్లు మార్చుకునే) గేర్‌బాక్స్, నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చే క్వాట్రో. ముందు రెండు సీట్లు, వెనక పేరుకు రెండు సీట్లు. కదలని టాప్.

జెడ్4 అంటే 2009 నుంచి 2016 వరకు తయారైన ఈ89 తరం. ఇక్కడ ఎక్కువగా కనిపించేది ఎస్‌డ్రైవ్35ఐ. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో ఇంజిన్, 306 హార్స్‌పవర్, ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్, వెనక చక్రాలకే పవర్. రెండే సీట్లు. బటన్ నొక్కితే 20 సెకన్లలో అల్యూమినియం టాప్ మడుచుకుని డిక్కీలోకి వెళ్లిపోతుంది.

కాగితం మీద జెడ్4 పెద్ద బండి. సున్నా నుంచి వందకు వెళ్లడంలో మాత్రం రెండింటికీ తేడా సెకనులో పదో వంతుల్లోనే ఉంటుంది. టీటీ తేలిక, పైగా నాలుగు చక్రాలూ లాగుతాయి. మెహిదీపట్నం నుంచి బయోడైవర్సిటీ దాకా ఆ తేడా మీకు ఒక్కసారి కూడా తెలియదు.

మొదటి పని: మీ దారిని కొలవండి

కారు చూడటానికి వెళ్లకముందే ఒక వారం పాటు మీ ఇప్పటి బండిలో వెళ్తూ దారిని గమనించండి. ఎన్ని స్పీడ్ బ్రేకర్లు, వాటిలో కాలనీ వాళ్లు సొంతంగా పోయించుకున్న నిటారు దిమ్మలు ఎన్ని, ఎక్కడ రోడ్డు తవ్వి సగం పూడ్చారు, వానొస్తే ఎక్కడ నీళ్లు నిలుస్తాయి. ఇదంతా ఫోన్‌లో రాసుకోండి. నా దారిలో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల కింద ఒకచోట, టోలిచౌకి దగ్గర ఇంకోచోట గట్టి వాన పడితే మోకాలి లోతు నీళ్లు చేరతాయి. పొట్టి కారులో ఆ రోజు వేరే దారి పట్టాలి, లేదా ఇంట్లోని ఇంకో బండి తీయాలి. ఇంకో బండి లేనివాళ్లు ఇక్కడే ఆగి బాగా ఆలోచించుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది సెల్లార్ ర్యాంప్. మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి ర్యాంప్ నిటారుగా ఉంటుంది. పైన రోడ్డును కలిసేచోట మూపులా లేస్తుంది, కింద దిగేచోట లోయలా వంగుతుంది. పొట్టి కారు పొట్ట ఆ మూపు దగ్గర తగులుతుంది, ముందు బంపర్ పెదవి ఆ లోయ దగ్గర గీసుకుంటుంది. జెడ్4కు బానెట్ చాలా పొడుగు. డ్రైవర్ దాదాపు వెనక చక్రాల దగ్గర కూర్చుంటాడు కాబట్టి ముందు మూల ఎక్కడుందో అంచనా వేయడం కష్టం. టీటీ పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది, కొంచెం నయం. అయినా మా సెల్లార్‌లోకి తీసుకొచ్చిన మొదటి సాయంత్రమే దాని బంపర్ కింద అంచు గీసుకుపోయింది. తర్వాత అసోసియేషన్‌తో మాట్లాడి ర్యాంప్ అడుగున కాంక్రీట్ పోయించి వంపు తగ్గించుకున్నాం. కొనకముందే చేయించాల్సిన పని అది.

అందుకే ఒక సూటి మాట: టెస్ట్ డ్రైవ్ ఎక్కడ మొదలైనా మీ సెల్లార్‌లో ముగియాలి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే, ఇంకో బండి చూసుకోండి. కిందకు దిగేటప్పుడు ఇంట్లోవాళ్లను ఒకరిని బయట నిలబడి, వంగి చూడమనండి, బంపర్‌కు నేలకు మధ్య వేళ్లు పట్టే సందు ఉందో లేదో వాళ్లు చెప్తారు. వాలుగా, ఒక చక్రం తర్వాత ఇంకో చక్రం ఎక్కేలా వెళ్తే చాలా దిమ్మలు దాటొచ్చు. సన్నటి ర్యాంప్ మీద మాత్రం వాలుగా వెళ్లే చోటుండదు.

రెండో పని: మీతో ఎవరు ఎక్కుతారో లెక్కపెట్టండి

జెడ్4లో మూడో మనిషికి చోటు లేదు. ఇది అందరికీ తెలిసిన విషయమే. కానీ కొనేటప్పుడు ఎవరూ దాన్ని తమ ఇంటికి అన్వయించుకోరు. పాపను స్కూల్లో దింపి, ఇద్దరూ ఆఫీసుకు వెళ్లే కుటుంబానికి జెడ్4 రోజువారీ కారు కాలేదు. టీటీ వెనక సీట్లలో పెద్దవాళ్లు కూర్చోలేరు, తల వెనక అద్దానికి తగులుతుంది. ఏడెనిమిదేళ్ల పిల్ల కాసేపు కూర్చోగలదు. ఆ చిన్న సౌకర్యమే మా ఇంట్లో తీర్పు చెప్పింది.

అమ్మానాన్నల సంగతి కూడా చూడండి. రెండూ నేలకు దగ్గరగా ఉండే కార్లే. మోకాళ్ల నొప్పులున్న అమ్మ చీరతో దిగాలంటే మీరు చెయ్యిచ్చి లేపాలి. టెస్ట్ డ్రైవ్ రోజున ఆమెను తీసుకెళ్లి ఒక్కసారి ఎక్కి దిగమనండి.

సామానుకైతే టీటీ నిజంగా ఆశ్చర్యపరుస్తుంది. డిక్కీ 305 లీటర్లు, వెనక సీట్లు మడిస్తే ఇంకా పెరుగుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తా, నెల సరుకులు, ఒక సూట్‌కేసు హాయిగా పడతాయి. జెడ్4లో టాప్ మూసి ఉంటే 310 లీటర్లు, తెరిస్తే 180 లీటర్లే. అంటే శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌కు పెట్టెలతో వెళ్తూ టాప్ తీయడం కుదరదు.

ఇక టాప్ తీసే సరదా. నేను దీన్ని తక్కువ చేసి మాట్లాడను. నవంబర్ నుంచి జనవరి మధ్య, తెల్లవారకముందే ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి, టాప్ తీసి, ఆ ఆరు సిలిండర్ల చప్పుడు వింటూ ఒక ఎగ్జిట్ నుంచి ఇంకో ఎగ్జిట్‌కు వెళ్లడం ఎంత బాగుంటుందో ఒకసారి ఒక స్నేహితుడి బండిలో చూశాను, ఇంకా మరచిపోలేదు. కానీ మార్చి నుంచి జూన్ దాకా ఎండ, ఆ తర్వాత సెప్టెంబర్ దాటేవరకు వాన, ఏడాది పొడవునా దుమ్ము, సిగ్నల్ దగ్గర పక్కన ఆగిన బస్సు పొగ. మీరు నిజంగా ఎన్ని రోజులు టాప్ తీస్తారో క్యాలెండర్ ముందు పెట్టుకుని లెక్కేయండి. ఏడాదికి ముప్ఫై ఉదయాలు ఖాయంగా దొరికితే జెడ్4 మీద మీ ఇష్టానికి అర్థముంది.

మూడో పని: ఇంట్లో కూర్చునే కాగితాలు చూడండి

బండి నంబర్ అడగండి. ఎంపరివాహన్ యాప్‌లో ఎన్నో ఓనరో, లోన్ ఉందో లేదో, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చాలావరకు తెలిసిపోతుంది. తెలంగాణ ఈ-చలాన్ సైట్‌లో పెండింగ్ చలాన్లు చూడండి. ఓవర్ స్పీడ్ చలాన్లు వరసగా కనిపిస్తే ఆ బండిని ఎలా నడిపారో మీకు అర్థమవుతుంది.

మన దగ్గర ఇలాంటి కార్లలో చాలావి ఢిల్లీ, ముంబై, బెంగళూరు నంబర్లతో వస్తాయి. ధర తక్కువగా కనిపిస్తుంది. ఢిల్లీ ప్రాంతంలో పెట్రోల్ బండ్లకు పదిహేనేళ్ల పరిమితి పెట్టడంతో, వయసు మీరుతున్న కొద్దీ అక్కడివాళ్లు బయటికి అమ్మేస్తూ వచ్చారు. కానీ వేరే రాష్ట్రం బండిని ఇక్కడ ఏడాదికి మించి నడపాలంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టి, టీజీ నంబర్ తీసుకోవాలి. ఆ ట్యాక్స్‌ను కారు కొత్తప్పటి ధరను, వయసును బట్టి లెక్కిస్తారు. కొత్తప్పుడు 60 లక్షలు పలికిన కారుకు అది చిన్న మొత్తం కాదు. ఆర్టీఏ ఆఫీసులో ముందే కనుక్కుని, ఆ మొత్తాన్ని ధరకు కలిపి చూడండి. అప్పుడు టీఎస్ నంబర్ ఉన్న లోకల్ బండే చవకని తేలడం చాలాసార్లు చూశాను.

లోన్ ఉన్న బండైతే బ్యాంకు ఎన్‌ఓసీ, లోన్ తీరిందని చెప్పే ఫారం 35 చేతికి రాకుండా అడ్వాన్స్ ఇవ్వకండి. ఓనర్‌షిప్ మార్పుకు ఫారం 29, 30 కావాలి.

ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి క్లెయిమ్ చరిత్ర అడగండి. దాన్ని ఇవ్వడానికి అమ్మేవ్యక్తి ఇష్టపడకపోతే, కారణం దాదాపు ఎప్పుడూ పెద్ద యాక్సిడెంటో, నీళ్లో అయ్యుంటుంది.

నాలుగో పని: నీళ్లలో మునిగిన బండిని పట్టుకోవడం

2020 అక్టోబర్ వానలు గుర్తున్నవాళ్లకు వివరించనక్కర్లేదు. ఆ వారంలో హైదరాబాద్ సెల్లార్లలో కార్లు పైకప్పు దాకా మునిగాయి. పొట్టి కార్లు ఇంకా ముందే మునుగుతాయి. వాటిలో కొన్ని తుడిచి, మెరుగు పెట్టి, మళ్లీ అమ్మకానికి వచ్చాయి.

నేను చూసిన నాలుగో బండి ఒక తెల్ల జెడ్4. మెరిసిపోతోంది. కిలోమీటర్లు తక్కువ, ధర ఆశ పుట్టించేలా ఉంది. అడ్వాన్స్ ఇచ్చేద్దామని డబ్బు సిద్ధం చేసుకున్నాక, తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్లాను. ఆయన ఇంజిన్ జోలికే పోలేదు. డ్రైవర్ సీటు బెల్టును చివరిదాకా లాగి, "ఇది చూడండి సార్" అన్నాడు. బెల్టు కింది భాగంలో గోధుమ రంగు గీత. తర్వాత సీటు ముందుకు జరిపి, పట్టాల బోల్టుల మీది తుప్పు చూపించాడు. కార్పెట్ అంచు పైకెత్తితే ఎండిన సన్నటి బురద. అమ్మేవ్యక్తి మాకు ఆ సంగతి చెప్పలేదు. మేము వచ్చేశాం. ఆ బెల్టు గీత నాకు ఈ మొత్తం వెతుకులాటలో దొరికిన అత్యంత విలువైన పాఠం.

మీరూ అదే చేయండి. బెల్టులన్నీ చివరిదాకా లాగండి. డిక్కీ అడుగున పలక ఎత్తి టూల్‌కిట్ ఉండే గుంటలో తడి, తుప్పు ఉన్నాయేమో చూడండి. డ్యాష్‌బోర్డు కింద వైర్ల కనెక్టర్ల మీద ఆకుపచ్చ పొర కనిపిస్తే ఆ బండి వద్దు. లోపల సెంటు వాసన గుప్పుమంటున్నా అనుమానించండి. అద్దాలు మూసి, ఏసీ ఆపి, ఎండలో పది నిమిషాలు ఉంచి తలుపు తీయండి. తడి కార్పెట్ వాసన అప్పుడు బయటపడుతుంది.

ఐదో పని: చల్లని ఇంజిన్ దగ్గరికి వెళ్లండి

ముందు రోజే ఫోన్ చేసి, "మేము వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మర్యాదగా ఇంకో రోజు వస్తామనండి. ఈ రెండు ఇంజిన్ల రోగాలు చాలావరకు చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి, వేడెక్కాక దాక్కుంటాయి.

జెడ్4లో మొదట వినాల్సింది స్టార్టర్. బటన్ నొక్కాక ఇంజిన్ వెంటనే అందుకోకుండా చాలాసేపు తిరిగితే హైప్రెషర్ ఫ్యూయల్ పంప్ మీద అనుమానం. ఈ ఎన్54 ఇంజిన్‌కు అది ప్రసిద్ధమైన బలహీనత. 2010లో అమెరికాలో బీఎమ్‌డబ్ల్యూ దీనికోసం రీకాల్ కూడా ప్రకటించింది. రెండోది వాటర్ పంప్. దీంట్లో అది కరెంటుతో నడుస్తుంది. ముందు హెచ్చరిక ఇవ్వకుండా ఒక్కసారిగా ఆగిపోతుంది, ఇంజిన్ వేడెక్కిపోతుంది. ట్రాఫిక్ మధ్యలో, మే నెలలో అది ఆగితే మీ పరిస్థితి ఊహించుకోండి. పంప్, థర్మోస్టాట్ మార్చిన బిల్లు ఉందా అని అడగండి. బిల్లు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి, కొన్న వారంలోనే మార్పించండి. మూడోది ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ గాస్కెట్. అక్కడినుంచి కారే ఆయిల్ కింద ఉన్న బెల్టు మీద పడుతుంది. టార్చి వేసి చూడండి. నాలుగోది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు టర్బోల వైపు నుంచి డబ్బా ఊగినట్టు గలగల. అది వేస్ట్‌గేట్ (టర్బో ఒత్తిడిని అదుపు చేసే మూత) అరుగుదల, రిపేరు ఖరీదైనది.

టాప్‌ను కనీసం మూడుసార్లు తెరిచి మూయించండి. మధ్యలో ఆగినా, ఒకవైపు వంగినా, డిక్కీ మూత దగ్గర వైర్లు నలిగి కనిపించినా ఆ బండిని వదిలేయడమే మంచిది. ఆ హైడ్రాలిక్స్ తెలిసిన చేతులు నగరంలో తక్కువ, పార్టులు బయటినుంచి రావడానికి వారాలు పడుతుంది. మూసిన టాప్ మీద పైపుతో నీళ్లు కొట్టి, లోపల అంచుల్లో చెమ్మ ఉందేమో వేలితో తడిమి చూడండి.

టీటీకి ఇంత జాబితా లేదు. ముఖ్యంగా చూడాల్సింది కూలెంట్. ఈ ఇంజిన్‌లో వాటర్ పంప్, థర్మోస్టాట్ ఉండే ప్లాస్టిక్ హౌసింగ్ కాలక్రమంలో కారుతుంది. డబ్బాలో మట్టం గీత కన్నా కిందుంటే, లేదా ఇంజిన్ కింద గులాబీ రంగు ఎండిన మరక కనిపిస్తే అదే. మార్చుకోవచ్చు, భయపడే పని కాదు. గేర్‌బాక్స్ ఆయిల్‌ను 60 వేల కిలోమీటర్లకోసారి మార్చాలి. వెనక చక్రాలకు పవర్ పంపే హాల్డెక్స్ క్లచ్ ఆయిల్‌ను మూడేళ్లకోసారి మార్చాలి. చాలామంది రెండోదాన్ని మరచిపోతారు. దాని పంప్ జల్లెడ మూసుకుపోతే క్వాట్రో అని బ్యాడ్జి ఉన్నా కారు ముందు చక్రాలతోనే నడుస్తుంది, ఓనర్‌కు తెలియదు కూడా. బిల్లుల్లో హాల్డెక్స్ అనే మాట కనిపిస్తే ఆ ఓనర్ కారును ప్రేమించాడని నేను నమ్ముతాను. క్వాట్రో కాబట్టి నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే అరుగుదల ఉన్నవి కావాలి. రెండు కొత్తవి, రెండు అరిగినవి ఉంటే హాల్డెక్స్ మీద అనవసరంగా భారం పడుతుంది.

రెండో తరం టీటీలు కూడా చవకగా దొరుకుతాయి. వాటిలో 211 హార్స్‌పవర్ ఇంజిన్‌కు టైమింగ్ చైన్ టెన్షనర్ సమస్య, ఆయిల్ తాగే సమస్య ఉన్నాయి. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు రెండు మూడు సెకన్లు గొలుసు శబ్దం వస్తే ఇంక మాట్లాడకుండా వచ్చేయండి.

టైర్ల పక్కన నాలుగంకెల కోడ్ చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. ఆరేళ్లు దాటితే గాడులు బాగున్నా మార్చాల్సిందే. జెడ్4కు రన్‌ఫ్లాట్ టైర్లు (గాలి పోయినా కొంతదూరం నడిచేవి) వస్తాయి, స్టెప్నీ ఉండదు. వాటి గోడలు గట్టివి. గుంతలో పడ్డప్పుడు దెబ్బ రిమ్‌కు తగులుతుంది. కాబట్టి చక్రాల లోపలివైపు కూడా చూడాలి, పగుళ్లు అక్కడే వస్తాయి.

పెయింట్ మందం కొలిచే మీటర్ తీసుకెళ్లేవాళ్లకు ఒక చిన్న సూచన. మూడో తరం టీటీ బయటి పలకలు అల్యూమినియంవి, జెడ్4 టాప్ కూడా అంతే. ఇనుము మీద మాత్రమే పనిచేసే చవక మీటర్ ఇక్కడ పనికిరాదు. రెండు లోహాలకూ పనిచేసేది కావాలి. మామూలుగా కంపెనీ పెయింట్ 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక తలుపు మీద 300 చూపిస్తే ఎందుకు వేయించారో అడగండి.

కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే స్కానర్ పెట్టించడం మానకండి. ఆడీకి వేరే సాఫ్ట్‌వేర్, బీఎమ్‌డబ్ల్యూకు వేరే. ఈ రెండూ ఉన్న ప్రైవేట్ గ్యారేజీలు నగరంలో చాలానే ఉన్నాయి. రీమ్యాప్ చేశారా, అంటే సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచారా అన్నది కూడా అక్కడే అడగండి. పవర్ పెంచిన బండి వారాంతానికి సరదాగానే ఉంటుంది గానీ, రోజూ జామ్‌లో నడిపేవాళ్లకు నేను సిఫార్సు చేయను. గేర్‌బాక్స్, టర్బో ఎంత అరిగాయో ఎవరూ చెప్పలేరు.

ఆరో పని: జామ్‌లో టెస్ట్ డ్రైవ్

అమ్మేవాళ్లు మిమ్మల్ని ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్తారు. ఒకసారి గట్టిగా తొక్కమంటారు. ఎవరి మనసైనా కరుగుతుంది. మీరు మాత్రం సాయంత్రం ఆరున్నరకు రమ్మనండి. మెహిదీపట్నం నుంచి షేక్‌పేట ఫ్లైఓవర్ దాకా, లేదా మీ దగ్గరున్న అలాంటి దారిలో, ఏసీ పూర్తిగా వేసి, అరగంటైనా నెమ్మదిగా కదలండి.

ఆ అరగంటలో మూడు విషయాలు గమనించండి. అడుగడుగునా ఆగి కదిలేటప్పుడు డ్యూయల్ క్లచ్ వణుకుతోందా? రెండింట్లోనూ క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉండే రకమే, బాగుంటే మెత్తగా కదలాలి. ఇంజిన్ వేడి పెరుగుతోందా, ఏసీ చల్లదనం తగ్గుతోందా? మీ నడుము ఏమంటోంది? చివరిది చిన్న విషయం కాదు. జెడ్4లో రన్‌ఫ్లాట్ టైర్లతో మన రోడ్ల మీద నాలుగు రోజులు తిరిగితే వెన్ను నొప్పి ఉన్నవాళ్లకు తేడా తెలుస్తుంది. మామూలు టైర్లు వేయించుకుంటే చాలా మెత్తబడుతుంది గానీ, అప్పుడు పంక్చర్ కిట్, గాలి కొట్టే చిన్న పంపు ఎప్పుడూ డిక్కీలో ఉండాలి.

తర్వాత ఓఆర్ఆర్ ఎక్కండి. 2023 నుంచి లోపలి రెండు లేన్లలో 120 కిలోమీటర్ల వేగం దాకా అనుమతి ఉంది. ఆ వేగంలో స్టీరింగ్ వణకకూడదు, బ్రేక్ వేస్తే పక్కకు లాగకూడదు. అంతకుమించి పరీక్షించాల్సిన అవసరం లేదు.

అద్దాలకు నల్ల ఫిల్మ్ ఉంటే తీయించమనండి. 2012లో సుప్రీంకోర్టు వాటిని నిషేధించింది. స్పోర్ట్స్ కారు దూరంనుంచే కళ్లలో పడుతుంది, పోలీసులు ముందు ఆపేది మిమ్మల్నే. మోత పెట్టే సైలెన్సర్‌కూ ఇదే మాట.

ఏడో పని: నెల లెక్క, మొదటి ఏడాది లెక్క

సిటీలో రెండూ ఒకంకె మైలేజీ ఇస్తాయి. రోజుకు 40 కిలోమీటర్లు, నెలకు 24 రోజులు అంటే 960 కిలోమీటర్లు. లీటరుకు ఎనిమిది ఇచ్చిందనుకున్నా 120 లీటర్లు. లీటరు 107 రూపాయలనుకుంటే 12,840 రూపాయలు. జెడ్4 అయితే ఇంకాస్త పెరుగుతుంది. ఇప్పుడు పంపుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, ఈ కార్లు దానికి ముందు కాలానివి. కాబట్టి సర్వీస్‌కు ఇచ్చిన ప్రతిసారీ పెట్రోల్ పైపుల రబ్బరును చూడమనండి.

విడిభాగాల విషయంలో తేడా పెద్దది. టీటీ ఇంజిన్, గేర్‌బాక్స్ స్కోడా ఆక్టేవియా వీఆర్ఎస్ 230 కుటుంబానివే. అందువల్ల వాటిని విప్పి బిగించిన చేతులు నగరంలో చాలా ఉన్నాయి, జాంబాగ్ దుకాణాల్లో అడిగినా కొన్ని వస్తువులు దొరుకుతాయి. జెడ్4లోని ఇంజిన్ మన దేశంలో కొద్ది మోడళ్లలోనే వచ్చింది. హెడ్‌లైట్, బంపర్ లాంటివి మాత్రం రెండింటికీ ఖరీదే, ఆలస్యమే. చిన్న బైక్ తగిలినా వారాలపాటు కారు లేకుండా గడపాల్సి రావచ్చు.

నా లెక్కలో, టీటీ కొంటే ధరలో 15 శాతం, జెడ్4 కొంటే కనీసం 25 శాతం మొదటి ఏడాది కోసం పక్కన పెట్టాలి. ఆ డబ్బు మిగలని బడ్జెట్ అంటే కారు ధర మీకు ఎక్కువైందనే అర్థం. ఇన్సూరెన్స్‌లో ఐదేళ్లు దాటిన కార్లకు జీరో డెప్ (పార్టుల అరుగుదల కింద కోత పెట్టని కవర్) ఇవ్వడానికి చాలా కంపెనీలు వెనకాడతాయి. నాలుగైదు చోట్ల అడగండి. ఇంజిన్ ప్రొటెక్షన్ దొరికితే తప్పకుండా తీసుకోండి, నీళ్లు ఇంజిన్‌లోకి పోతే మామూలు పాలసీ ఆదుకోదు.

ఇప్పుడు తేల్చడం

ఒకే కారుతో రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లు, పిల్ల ఉన్నవాళ్లు, వానాకాలంలోనూ ఆగకుండా తిరగాల్సినవాళ్లు టీటీ తీసుకోండి. తడి రోడ్డు మీద నాలుగు చక్రాల పట్టు ఇచ్చే ధైర్యం రోజూ అనుభవంలోకి వస్తుంది. రెండు కార్లున్న ఇల్లు, సమతలంగా ఉన్న కప్పు పార్కింగ్, నమ్మకమైన బీఎమ్‌డబ్ల్యూ మెకానిక్, తెల్లవారుజామున లేచే అలవాటు, ఈ నాలుగూ ఉన్నవాళ్లకు జెడ్4 చాలా సంతోషాన్నిస్తుంది. వాళ్లను టీటీ వైపు లాగడం నాకిష్టం లేదు.

ఇందులో ఒక మినహాయింపు. మీ ముందున్న టీటీకి బిల్లులు లేకపోయి, మీరు చూసిన జెడ్4కు మాత్రం వాటర్ పంప్, ఫ్యూయల్ పంప్ మార్చిన బిల్లులతో సహా ఒకే ఓనర్ దాచిన ఫైలు ఉంటే, ఆ రోజున జెడ్4నే మంచి రోజువారీ కారు. లేదంటే రెండూ వదిలేసి ఇంకో నెల ఆగండి. నేను చూసిన తొమ్మిదింటిలో కొనదగినవి రెండే.

కొన్నాక మొదటి వారంలో ఇంజిన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, బ్రేక్ ఆయిల్, కూలెంట్, ప్లగ్గులు మార్పించండి. పాత ఓనర్ నిన్ననే మార్చానన్నా సరే. టీటీ అయితే హాల్డెక్స్ ఆయిల్ కూడా. జెడ్4కు బ్యాటరీ మారిస్తే కంప్యూటర్‌లో నమోదు చేయించాలి, లేకపోతే ఛార్జింగ్ సరిగా జరగదు.

డబ్బు మొత్తం ఇచ్చే ముందు రెండు తాళాలూ చేతిలోకి తీసుకోండి. రెండింటితోనూ తలుపు తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి చూడండి. ఒక తాళం పోయిందంటే కొత్తది చేయించడానికి అయ్యే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. అద్దం మీది పాత ఫాస్టాగ్‌ను వాళ్ల ముందే తీయించి, వాళ్ల ఖాతాలో మూయించి, మీ పేరున కొత్తది అంటించుకున్నాకే ఓఆర్ఆర్ ఎక్కండి.